చెరువు బురదతో సీసాలో పాతకాలపు భూమిని పెంచడం ఎలా?

ఒక చిన్న బకెట్ చెరువు బురద, ఒక కోడిగుడ్డు, నిన్నటి పేపరు, రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్. వీటికి తోడు రెండు నెలల ఓపిక ఉంటే చాలు, గాలిలో ఆక్సిజన్ అనేదే లేని రోజుల్లో భూమిని ఏలిన సూక్ష్మజీవుల వారసుల్ని మీ కిటికీలో పెంచుకోవచ్చు. మైక్రోస్కోప్ అక్కర్లేదు. ఆకుపచ్చ, ఊదా, నలుపు, తుప్పు రంగు పట్టీలుగా వాటంతట అవే సర్దుకుంటాయి, రంగును బట్టే ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో చెప్పేయొచ్చు.

దీని పేరు వినోగ్రాడ్‌స్కీ కాలమ్. 1856లో కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అప్పట్లో మిగతావాళ్ళంతా ఒక్కో బాక్టీరియాని విడదీసి, దానికి కావలసిన తిండి పెట్టి గాజు పాత్రల్లో పెంచే పనిలో ఉంటే, ఈయన మాత్రం బురదని బురదగానే ఉంచి అందులో ఎవరు ఏం తిని బతుకుతున్నారో చూద్దామనుకున్నాడు. అలా చూస్తూనే, గంధకం లాంటి ఖనిజాల నుంచి నేరుగా శక్తి పిండుకుని బతికే జీవులు ఉన్నాయని 1887లో తేల్చాడు. సూర్యుడి వెలుతురూ వద్దు, ఇంకొకరు వండిపెట్టిన తిండీ వద్దు, రాయి చాలు అనే బాపతు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను అనకండి. ఈ సీసాలో జీవం కొత్తగా పుట్టదు. అందులో ఉన్నవన్నీ ఇప్పటి జీవులే, మనలాగే వాటి వెనకా కోట్ల కోట్ల ఏళ్ళ పరిణామం ఉంది. కానీ వాటి జీవనోపాధి మాత్రం పాతది. అంటే ఇంట్లో మనిషి కొత్తవాడే కానీ చేసే వృత్తి తాతల నాటిది, అలా అన్నమాట. మనం చూసేది ఆ వృత్తుల్ని.

బురద ఎక్కడ తేవాలి

మీ ఊరి చెరువు గట్టు దగ్గర, నీళ్ళు కదలకుండా నిలబడి ఉండే మూల చూసుకోండి. పైన గోధుమ రంగు పొర ఉంటుంది, అది పక్కకి లాగి కింద నల్లగా, జిగటగా ఉన్నదాన్ని తీయాలి. కుళ్ళిన గుడ్డు వాసన కొడితే మొహం తిప్పుకోకండి, సంతోషించండి, సరుకు మంచిదని అర్థం. లీటరున్నర బురద, ఒక లీటరు అదే చెరువు నీళ్ళు చాలు. వరి మడిలో నీళ్ళు కట్టి ఉన్నప్పటి బురద కూడా చాలా బాగా పనిచేస్తుంది. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి ఇంకా సులువు, ఉప్పు నీటి బురదలో సల్ఫేట్, అంటే గంధకపు లవణం, ఎక్కువ ఉంటుంది కాబట్టి రంగులు ఊరికే పట్టుకొస్తాయి. అయితే కోరింగ మడ అడవి లాంటి రక్షిత ప్రాంతాల్లో చేయి పెట్టకండి, బయట కాలవల దగ్గర చూసుకోండి.

భీమవరం వైపు వాళ్ళు నవ్వుతున్నారని నాకు తెలుసు. రొయ్యల చెరువు అడుగున నల్లమట్టి పేరుకుంటే ఏమవుతుందో, ఆ గ్యాస్ వల్ల రొయ్యలు ఎలా చస్తాయో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే గ్యాస్, అదే నలుపు. కానీ సాగు నడుస్తున్న చెరువు మట్టి వద్దు, బ్లీచింగు, మందులు పడి ఉంటాయి కాబట్టి మనకి కావలసినవాళ్ళే చచ్చిపోయి ఉండొచ్చు. డ్రైనేజీ బురద అసలే వద్దు.

తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, చేతికి దెబ్బ ఉంటే వేరేవాళ్ళని తీయమనండి. కాళ్ళు బయటికి తీశాక జలగలు పట్టాయేమో చూసుకోండి, ఇది జోక్ కాదు.

కలపడం

బాటిల్ మెడ దగ్గర కోసేయండి. పచ్చళ్ళు పెట్టే పొడవాటి గాజు సీసా ఉంటే ఇంకా మంచిది, కాకపోతే అది పగిలితే ఇల్లంతా ఏమవుతుందో ఊహించుకుని నిర్ణయించుకోండి.

బురదలో పుల్లలు, ఆకులు, గులకరాళ్ళు, నత్తగుల్లలు ఏరేయాలి. ఆ తర్వాత చెరువు నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ దోసెల పిండి జారుగా వచ్చేదాకా కలపండి. ఇడ్లీ పిండిలా గట్టిగా ఉంటే మధ్యలో గాలి బుడగలు ఇరుక్కుంటాయి, మరీ చారులా ఉంటే బురద అడుక్కి దిగి పైనంతా నీళ్ళే మిగులుతాయి. చెరువు నీళ్ళు తెచ్చుకోకపోతే బావి నీళ్ళో బోరు నీళ్ళో వాడొచ్చు. మున్సిపల్ కుళాయి నీళ్ళైతే ఒక రోజంతా మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయాక పోయండి.

ఇప్పుడు తిండి. మూడు రకాలు కావాలి.

ఒకటి, కార్బన్. దినపత్రిక ఒక షీటు తీసుకుని గోరంత ముక్కలుగా చింపండి. మెరిసే సప్లిమెంట్ కాగితం వద్దు. ఇది చాలా నెమ్మదిగా కుళ్ళుతుంది, మనకి కావలసిందీ అదే.

రెండు, గంధకం. పచ్చి గుడ్డులో పచ్చసొన ఒకటి. గుడ్డు ఇంట్లోకి రానివ్వనివాళ్ళు జిప్సం ఒక పెద్ద చెంచా వాడొచ్చు. వేరుశనగకి ఊడలు దిగే సమయంలో వేస్తారే, అదే జిప్సం, ఎరువుల కొట్లో దొరుకుతుంది. అదీ దొరక్కపోతే బడిలో వాడే సుద్దముక్కలు రెండు మూడు దంచండి, మన దగ్గర సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవే.

మూడు, కార్బొనేట్. రెండు గుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో పొడి చేస్తే సరిపోతుంది (మిక్సీ ఎవరిదో ముందు అడగండి). పెంకులు లేకపోతే రాతి ముగ్గు పిండి తీసుకుని నిమ్మరసం చుక్క వేసి చూడండి, నురగ వస్తే పనికొస్తుంది. తాంబూలంలో వేసుకునే సున్నం, గోడలకి కొట్టే సున్నం మాత్రం పొరపాటున కూడా వేయకండి, ఆ ఘాటుకి బురదలో ప్రాణి మిగలదు.

ఈ మూడింటినీ మొత్తం బురదలో కలపకూడదు, చాలామంది చేసే తప్పు ఇదే. బురదలో మూడో వంతు వేరే గిన్నెలోకి తీసి, దాంట్లో మాత్రమే కలిపి బాటిల్ అడుగున పోయాలి. దాని మీద మిగతా ఉత్త బురద, బాటిల్ ముప్పాతిక నిండేదాకా. పోస్తున్నప్పుడు మధ్య మధ్యలో బాటిల్‌ని నేల మీద మెల్లగా కొట్టండి, బుడగలు పైకి వచ్చేస్తాయి. చివర్లో రెండు మూడు అంగుళాలు చెరువు నీళ్ళు, దాని పైన కొంచెం ఖాళీ. తిండి అంతా అడుగునే ఉండాలి, గాలి పైనుంచే రావాలి. ఈ రెండింటికీ మధ్య ఏర్పడే మెట్లే మన ఆట మొత్తం.

పైన పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేసి, సూదితో నాలుగు చిల్లులు పెట్టండి. కవరు ఎందుకంటే నీళ్ళు ఆవిరైపోకుండా, అంతకన్నా ముఖ్యంగా దోమలు గుడ్లు పెట్టకుండా. సైన్సు పేరు చెప్పి ఇంట్లో డెంగీ దోమల్ని పెంచితే బాగోదు. చిల్లులు ఎందుకో నేను అనుభవం మీద నేర్చుకున్నాను. మొదటి సీసాకి బిరడా గట్టిగా బిగించి హాల్లో పెట్టాను, పదకొండో రోజు ఏం జరుగుతోందో చూద్దామని మూత తిప్పాను, ఆ తర్వాత జరిగింది మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది. ఆ సీసాని ఇంట్లోంచి బహిష్కరించారు.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. మన సీసాలో వచ్చేది చాలా తక్కువే కానీ అది నిజంగానే విషవాయువు, పైగా ఎక్కువ మోతాదులో ముక్కుని మొద్దుబార్చేస్తుంది. కాబట్టి ఏసీ వేసి తలుపులేసే బెడ్‌రూమ్‌లో పెట్టకండి, బాల్కనీయో వరండాయో చాలు, మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చకండి, చిన్నపిల్లలకి అందనివ్వకండి.

తూర్పు కిటికీ మంచిది. రెండో సీసాని నేను మే నెలలో పడమటి కిటికీలో పెట్టి ఊరెళ్ళాను, వచ్చేసరికి ఉడికిన బురద మిగిలింది. వెలుతురు బాగా ఉండాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. ఒకసారి పెట్టాక కదపకండి, తిప్పకండి. నీళ్ళు తగ్గితే మెల్లగా పోయండి. వారానికోసారి ఒకే చోటు నుంచి, ఒకే టైముకి ఫోన్‌తో ఫొటో తీయండి, రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

ఓపిక ఉంటే ఇంకో రెండు బాటిళ్ళు కూడా చేయండి. ఒకటి అన్నీ వేసి, నల్లగుడ్డ చుట్టి చీకట్లో. ఇంకోటి వెలుతురులోనే కానీ గుడ్డూ జిప్సం లేకుండా. ఒక్క సీసా చూస్తే అందమైన రంగులు కనిపిస్తాయి, మూడూ పక్కపక్కన పెడితే ఆ రంగులు ఎందుకొచ్చాయో కనిపిస్తుంది.

ఎప్పుడు ఏం కనిపిస్తుంది

మొదటి వారం ఏమీ కనపడదు, బురదే. రెండో వారానికి పైన నీళ్ళు పచ్చబడతాయి, అడుగున నల్ల మచ్చలు మొదలవుతాయి. మూడు నాలుగు వారాలకి నలుపు పైకి పాకుతుంది. ఇక్కడే చాలామంది పాడైపోయిందనుకుని పారబోస్తారు, పారబోయకండి. అయిదు నుంచి ఎనిమిది వారాల మధ్యలో, వెలుతురు తగిలే వైపు, గాజుకి ఆనుకుని ఊదా రంగు, ముదురు గులాబీ, బీట్‌రూట్ మరకల్లాంటివి కనపడతాయి. వాటి కింద ఒక్కోసారి ఆలివ్ పచ్చ. చీకట్లో పెట్టిన సీసాలో ఈ రంగులేవీ రావు, నలుపొక్కటే వస్తుంది. గంధకం వేయని దాంట్లో పచ్చదనం బాగా ఉంటుంది, ఊదా రంగు తక్కువ ఉంటుంది లేదా అసలే ఉండదు.

అంతా పచ్చగా అయిపోతే ఎండ ఎక్కువైందని అర్థం. అంతా నల్లగా అయిపోయి అలాగే ఉండిపోతే గుడ్డు ఎక్కువైంది. రెండూ కాకుండా బురద బురదలాగే ఉంటే ఇంకో నెల చూసి అప్పుడు మట్టి మార్చండి.

ఇప్పుడు చదవడం: అడుగు నుంచి పైకి

అడుగున కాగితం ముక్కల దగ్గర క్లోస్ట్రీడియం లాంటి బాక్టీరియా ఉంటాయి. వాటికి ఆక్సిజన్ పడదు. కాగితంలోని సెల్యులోజ్‌ని పులియబెట్టి ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి. వీళ్ళ చెత్త పక్కవాళ్ళ భోజనం. ఆ పక్కవాళ్ళు డీసల్ఫోవిబ్రియో లాంటి సల్ఫేట్ జీవులు, మనం ఆక్సిజన్‌తో చేసే శ్వాస పనిని వీళ్ళు సల్ఫేట్‌తో చేస్తారు. మనం నీళ్ళు వదిలితే వీళ్ళు హైడ్రోజన్ సల్ఫైడ్ వదుల్తారు. అది బురదలోని ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్, మీకు కనపడే నలుపు అదే. ఆస్ట్రేలియా పశ్చిమాన పిల్బరా ప్రాంతంలో దాదాపు 350 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో గంధకపు ఐసోటోపుల్ని, అంటే బరువులో కాస్త తేడా ఉన్న గంధకపు పరమాణువుల్ని, కొలిచి, ఈ తరహా బతుకు అప్పటికే ఉందని వాదించినవాళ్ళున్నారు. భూమి వయసే 454 కోట్ల ఏళ్ళు, కాబట్టి ఈ వృత్తి ఎంత పాతదో చూడండి.

నలుపులోంచి అప్పుడప్పుడు బుడగలు లేస్తాయి. వాటిలో కొంత మీథేన్ ఉండొచ్చు, దాన్ని చేసేవి అసలు బాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే వంశం. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ రెండూ పూర్తిగా వేరని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఈ రెండే తీసుకుని బతకగలవు ఇవి, అందుకే జీవం తొలి రోజుల గురించి మాట్లాడేవాళ్ళు వీటి దగ్గర చాలాసేపు ఆగుతారు. మీ మూడో సీసాలో, అంటే గంధకం లేనిదాంట్లో, బుడగలు ఎక్కువ రావొచ్చు. సల్ఫేట్ దొరికితే డీసల్ఫోవిబ్రియోలు హైడ్రోజన్ అంతా లాగేసుకుంటాయి, దొరక్కపోతే మీథేన్‌వాళ్ళకి మిగులుతుంది. వరి మడుల్లో మీథేన్ పుట్టేదీ ఇలాగే.

దాని పైన రంగులవాళ్ళు. కింద ఆలివ్ పచ్చలో క్లోరోబియం, దాని పైన ఊదాలో క్రొమేషియం. ఇద్దరూ కిరణజన్య సంయోగక్రియ చేస్తారు, కానీ మన చెట్ల పద్ధతిలో కాదు. చెట్టు నీటిని చీల్చి హైడ్రోజన్ తీసుకుని ఆక్సిజన్ వదిలేస్తుంది. వీళ్ళు నీటి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని చీల్చి, గంధకం వదిలేస్తారు. ఆక్సిజన్ ఊసే లేదు. బడిలో కిరణజన్య సంయోగక్రియ అంటే ఆక్సిజన్ తయారీ అన్నట్టు చెప్తారు కదా, అది సగం మాటే. ఈ ఊదా బాక్టీరియాని చూసే 1930ల మొదట్లో వాన్ నీల్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. వీళ్ళు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడి గంధకం వదుల్తున్నారంటే, చెట్లు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు, నీటిలోంచి వస్తుండాలి అని. ఆయన చెప్పింది నిజమని తర్వాత తేలింది. ఒక ఆకుని ముట్టుకోకుండా ఆకు గురించి అంత పెద్ద సంగతి బురద బాక్టీరియా ద్వారా తెలిసిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఈ ఊదా, పచ్చ గంధక బాక్టీరియా వదిలిన రంగు పదార్థాల అవశేషాలు ఉత్తర ఆస్ట్రేలియాలో 164 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికాయి. అంటే అప్పటి ఒక సముద్రంలో, వెలుతురు పడేంత పైదాకా ఆక్సిజన్ లేకుండా కుళ్ళిన గుడ్డు వాసనే ఉండేదన్నమాట, ఇంచుమించు మీ సీసాలాగే.

ఇక్కడ చిన్న జాగ్రత్త. వెలుతురు పైనుంచి వస్తుంది కాబట్టి పై పొర వాడకుండా వదిలేసిన కాంతి రంగుల్ని కింది పొర వాడుకుంటుంది, అందుకే ఈ వరస అని చాలా చోట్ల రాసి ఉంటుంది. సముద్రపు ఒడ్డున పరుచుకునే సహజమైన పొరల్లో అది నిజమే. కానీ మన సీసాకి వెలుతురు పక్క నుంచి వస్తోంది, అన్ని ఎత్తులకీ సమానంగా అందుతోంది. మరి వరస ఎందుకొచ్చింది? కింద సల్ఫైడ్ ఎక్కువ, పైన ఆక్సిజన్ ఎక్కువ, ఎవరు దేన్ని ఎంత తట్టుకోగలరో దాన్ని బట్టి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

ఇక పై అంతస్తు. పచ్చటి నీళ్ళలో సైనోబాక్టీరియా ఉంటాయి, వరి రైతులు జీవన ఎరువుగా వాడే నీలి ఆకుపచ్చ నాచు ఇదే వంశం. నీటిని చీల్చే విద్య కనిపెట్టింది వీళ్ళే. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట వీళ్ళు వదిలిన ఆక్సిజన్ గాలిలో నిలబడడం మొదలైంది. మనం దానికి ప్రాణవాయువు అని పేరు పెట్టుకున్నాం కానీ, అప్పటిదాకా భూమ్మీద ఉన్న చాలా జీవులకి అది ప్రాణం తీసే వాయువు. అవి చచ్చినవి చావగా మిగిలినవి బురదలోకి, లోతుల్లోకి, జంతువుల పేగుల్లోకి తప్పుకున్నాయి. మీ సీసాలో అడుగున ఉన్నది ఆ తప్పుకున్నవాళ్ళ సంతతి.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఒక పని చేయండి. సీసాలోని నల్ల బురద ఒక చెంచాడు తీసి తెల్ల ప్లేటు మీద పల్చగా పరిచి రాత్రంతా బయట పెట్టండి. పొద్దున్నకి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆక్సిజన్ తగిలి ఐరన్ సల్ఫైడ్ తుప్పయింది. సీసాలో కూడా బురద పైభాగాన కొన్ని మిల్లీమీటర్ల గోధుమ పట్టీ, దాని కింద వెంటనే నలుపు కనపడుతుంది. ఆక్సిజన్ అంతవరకే దిగగలిగింది. రొయ్యల రైతులు పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి దున్నేది కూడా ఈ నలుపుని గోధుమగా మార్చడానికే.

పెద్ద లెక్కలో కూడా ఇలాంటిదే జరిగింది. పాత సముద్రాల నీళ్ళలో ఇనుము కరిగి ఉండేది. కొంత ఆక్సిజన్ తగిలి, కొంత సూక్ష్మజీవుల పనివల్ల తుప్పుగా మారి అడుక్కి దిగి పొరలు పొరలుగా గట్టిపడింది. అరకు రైలెక్కినవాళ్ళు ఎదురుగా వచ్చే పొడవాటి గూడ్సు బళ్ళు చూసే ఉంటారు, కిరండూల్ నుంచి విశాఖకి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం మోసుకొచ్చేవి. ఆ కొండల ఖనిజం అలాంటి పొరల రాళ్ళ నుంచి వచ్చిందే.

పై నీళ్ళలో సైనోబాక్టీరియాతో పాటు మామూలు ఆకుపచ్చ నాచు కూడా ఉంటుంది, అది ఇంకా తర్వాత వచ్చిన కథ. నాచు కణంలోని పచ్చ గుళిక, అంటే క్లోరోప్లాస్ట్, ఒకప్పుడు విడిగా తిరిగిన సైనోబాక్టీరియానే, ఇంకో కణం మింగింది కానీ అరిగించుకోలేదు. మన కణాల్లోని మైటోకాండ్రియా కూడా అలా ఇంట్లోకొచ్చి ఉండిపోయిన బాక్టీరియానే. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాట రాసినప్పుడు ఆమె పేపర్‌ని చాలా పత్రికలు తిప్పికొట్టాయి, ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

మరి అసలు మొదలు?

సీసా చూసిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతారు, ఇవన్నీ సరే, మొట్టమొదటిది ఎలా వచ్చిందని. ఈ సీసా దానికి జవాబు చెప్పదు, చెప్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. దానికి వేరే ప్రయోగాలున్నాయి. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండ్‌లో హాల్డేన్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇంచుమించు ఒకే మాట అన్నారు. ఆక్సిజన్ లేని గాలిలో, ఎండకీ మెరుపులకీ రసాయనాలు కలిసి సముద్రంలో పేరుకుని ఉంటాయని. హాల్డేన్ దాన్ని పలచటి వేడి సూప్‌తో పోల్చాడు, మన భాషలో చారు అనుకోండి. 1953లో చికాగోలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపిన గాజు పాత్రలో కరెంటు మెరుపులు పుట్టించి అమైనో ఆమ్లాలు రాబట్టాడు. 2007లో ఆయన పోయాక, అప్పటి పాత సీసాల్లో దాచిన సరుకుని మళ్ళీ పరీక్షిస్తే 20కి పైగా అమైనో ఆమ్లాలు కనిపించాయి. అమైనో ఆమ్లాలు ఇటుకలు మాత్రమే, ఇల్లు కాదు. అప్పటి గాలి మిల్లర్ అనుకున్నట్టే ఉండేదా అన్నది ఇంకా గొడవే. ఇంకొందరు సముద్రపు అడుగున వేడి నీళ్ళు ఊరే చోట్ల, రాయీ నీరూ కలిసి హైడ్రోజన్ పుట్టే చోట మొదలై ఉంటుందంటారు. నాకు వ్యక్తిగతంగా ఈ రెండోది ఎక్కువ నచ్చుతుంది, బహుశా సీసాలో హైడ్రోజన్ కోసం కొట్టుకునేవాళ్ళని చూసీ చూసీ అయ్యుండొచ్చు.

హాల్డేన్ గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన 1957లో ఇండియాకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. వైద్య విద్యార్థులకి ఉపయోగపడాలని తన దేహాన్ని రాసిచ్చింది ఎక్కడికో తెలుసా, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

సీసా తర్వాత రాయి

రంగులు చూశాక వీలైతే కడప జిల్లా వైపు ఒకసారి వెళ్ళండి. వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో వేంపల్లె ఫార్మేషన్ అనే డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) రాళ్ళున్నాయి, తుమ్మలపల్లె యురేనియం దొరికేదీ ఆ రాళ్ళలోనే. వాటిలో స్ట్రోమాటోలైట్లు ఉంటాయి. సూక్ష్మజీవుల జిగట పొర, దాని మీద సున్నపు బురద, మళ్ళీ పొర, మళ్ళీ బురద, ఇలా పేరుకుంటూ గట్టిపడినవి. వాటి పైన ఉన్న పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలకే సుమారు 189 కోట్ల ఏళ్ళు, కాబట్టి ఇవి అంతకన్నా పాతవి.

గుర్తుపట్టడం కష్టం కాదు. క్యాబేజీని నిలువుగా కోస్తే లోపల రేకులు ఎలా ఉంటాయో అలాంటి గుమ్మటాల గీతలు, కుంభాకారం పైకి తిరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే గుండ్రటి వలయాలు ఒకదాన్నొకటి ఆనుకుని. గీతలు తిన్నగా ఉంటే అది ఊరికే పొరల రాయి, మోసపోకండి. రాయి ఆరిపోయి ఉంటే కొంచెం నీళ్ళు చల్లండి, గీతలు తేలతాయి. సుత్తి తీసుకెళ్ళకండి, ఫొటో చాలు, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. గనుల లోపలికి అనుమతి లేకుండా వెళ్ళకండి. ఇంకోటి, వంటింటి గట్టు మీదున్న నల్ల కడప బండలో వీటికోసం వెతక్కండి, ఆ బండలు సాధారణంగా దాని పైన పేరుకున్న కర్నూలు వరస సున్నపురాయి, వయసులో చిన్నది. ఇలాంటివి బతికుండగా చూడాలంటే ఆస్ట్రేలియా షార్క్ బే లాంటి చోట్లకి పోవాలి.

సీసా పని అయిపోయాక దాన్ని సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది, వాసన పోదు. పెరట్లో గొయ్యి తీసి పోసి మట్టి కప్పండి, అపార్ట్‌మెంట్లో ఉంటే ఏదైనా పెద్ద చెట్టు మొదట్లో. పారబోసే ముందు ఊదా రంగు బాగా పట్టిన చోటు నుంచి ఒక చెంచాడు తీసి చిన్న సీసాలో అంచుదాకా నీళ్ళు పోసి దాచుకోండి, పెరుగుకి తోడు దాచినట్టు. వచ్చేసారి ఉత్త బురదలో మధ్య పొరకి దీన్ని కలిపితే రంగు త్వరగా పట్టుకుంటుంది, అంతకాలం ఆగక్కర్లేదు.